తండ్రిగారికొక డబ్బు

డబ్బు అనుమాట నేడు ధనమంతటికిని పేరై యున్నది. డబ్బున్నవాడనుచున్నాము, డబ్బులేనివాడనుచున్నాము. కాని యీ మాట మొదట ఒక రాగినాణెము పేరు. సర్కారు జిల్లాలలో రూపాయికి 48 డబ్బులు. అనగా అణాకు 3 డబ్బులు, ఒక్కొక్క డబ్బునకు 4 దమ్మిడీలు. ఆ నాణెము చెల్లుబాటు తప్పి నూరేండ్లకు పైబడినది. పేరు మాత్రము మన నోట నిలిచినది. 1957వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన రూపాయికి 100 నయాపైసలు వచ్చువరకు అణాలను, కానులను లెక్కించిన పెద్దలు మీలో కొందరుందురు గాన, ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు.

నాణెములు కూర్చు తండ్రికి బిడ్డలు ఏమి బహుమానమీయవచ్చును అనునది నేటి ప్రసంగ విషయము. ప్రశ్న చిన్నది. కాని నేను దానివెంట పోగా విజయనగరము తగిలినది, మచిలీపట్టణము తగిలినది, తుదకు ఆంగ్లదేశపు సముద్రములో మునిగిన ఓడయు తగిలినది. కావున ఇంటివిషయముతోపాటు చరిత్రయు కొంత చెప్పవలసియున్నది.

మా తండ్రిగారు ఉపాధ్యాయ వృత్తినుండి విరమించినవారు. కృష్ణకు ఉత్తరపుటొడ్డున మా గ్రామము. వారు కూర్చిన నాణెములు మా నాయనమ్మగారి తమలపాకుల పెట్టెలో నున్నవి. అది ఇత్తడిది, అరలు అరలుగా నుండును. ఆకులుంచు చోట వెండి, వక్కలుంచు చోట రాగి, సున్నపుకాయ యుంచు చోట చిన్నకాసులు. పెట్టెతోపాటు ఒక నోటుపుస్తకము కలదు. ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క పుట. ఏ సంవత్సరమున అచ్చుపడినది, ఏ టంకశాలది, ఎచ్చట దొరికినది, ఎవరిచ్చిరి, కొన్నచో ఎంతకు కొంటిమి అన్నియు అందు వ్రాసియున్నవి. పెట్టె కంటె పుస్తకమే విలువైనదని నా యభిప్రాయము.

ఆ పుస్తకమున 24 పుటలు ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడియున్నవి. అవి విక్టోరియా రాణి మొదలు అయిదవ జార్జి వరకు గల వెండి రూపాయలు. మా అక్కగారి వివాహమునకు వెండి పళ్ళెము కావలసివచ్చినప్పుడు వానిని కరగించినారు. అందొకటి 1911వ సంవత్సరపు రూపాయి. రాజు భుజముమీది హారములో ఏనుగు బొమ్మ చెక్కగా, దాని తొండము పొట్టిదై పందివలె కనబడెనని ప్రజలలో అలజడి పుట్టినది. ప్రభుత్వమువారు ఆ రూపాయలను మరలించి, 1912లో బొమ్మ దిద్ది క్రొత్తవి వేయించిరి. అట్టి అరుదైన నాణెము మా యింట మూసలో పడినది. నాన్నగారు ఆ మాట ఎన్నడు ఎత్తలేదు. పుట మాత్రము కొట్టివేసిరి.

ఇక ఒక పుట పైన "డబ్బు" అని పేరు వ్రాసి, క్రింద ఖాళీగా విడిచిరి. మా పూర్వుల కరణీకపు లెక్కలు కొన్ని ఇంట మిగిలియున్నవి. వానిలో నూనెకిన్ని డబ్బులు, కొబ్బరికాయకిన్ని డబ్బులు అని వ్రాతలు కలవు. ఆ వ్రాతలను చదివి బడిపిల్లలకు లెక్కలు నేర్పినవారు ఆ నాణెమును మాత్రము కన్నులార చూచియుండలేదు.

నాణెములు కూర్చుట పనిలేనివారి వేడుక యని తలచువారు కలరు. వారి కొఱకు ఇద్దరు దొరల మాట చెప్పెదను. కల్నల్ కాలిన్ మెకంజీ మన దేశమున గ్రామగ్రామమున కైఫీయతులను, శాసనములను సేకరించుచు, నాణెములను గూడ ఆరువేలకు పైగా కూర్చెను. ఆయన పనికి కన్నులును చెవులునై నిలిచినవారు ఏలూరివారైన కావలి సోదరులు. వెంకటబొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే గతించెను. లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. రెండవవాడు సర్ వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించినవాడు, ఉత్తర సర్కారులకు కమీషనరుగా పనిచేసినవాడు. ముసలితనమున చూపు పోయిన పిమ్మట గూడ దక్షిణదేశపు నాణెములను గూర్చి గ్రంథము సిద్ధపరచి, 1887లో మరణించుటకు ముందు అచ్చులో చూచుకొనెను. చూచుకొనెను అనుట సరికాదేమో. వ్రేళ్ళతో తడవి తెలిసికొనెను అనవలెను.

నాన్నగారికి 80 ఏండ్లు నిండిన సందర్భమున మేము ముగ్గురమును, అనగా అక్కగారు, నేను, ఆంగ్లదేశమున ఉద్యోగము చేయు తమ్ముడు, కలిసి ఒక బహుమానమీయ దలచితిమి. వారు పుట్టిన 1943వ సంవత్సరపు నాణెము మొదట తోచినది గాని, అది వారి యొద్ద చాలినన్ని యున్నది. యుద్ధకాలమున రాగి కఱవై, నడుమ రంధ్రముతో వేసిన చిల్లు కానీ ఆ సంవత్సరముననే పుట్టినది. "నేనును చిల్లు కానీయు ఒక యీడువారము" అని వారు నవ్వుచుందురు.

అక్కగారు బంగారపు లక్ష్మీకాసు కొందమనిరి. అది చూడ ముచ్చటైనది, పూజలో నుంచదగినది. కాని నాణెము కాదు. ఇంత విలువకు చెల్లునని రాజు గాని ప్రభుత్వము గాని ముద్ర వేయించినది నాణెము. బంగారు దుకాణమువారు పోతపోసి అమ్మునది బిళ్ళ. నాణెములు కూర్చువారికి బిళ్ళ నిచ్చుట, తాళపత్రములు కూర్చువారికి తాటాకు విసనకఱ్ఱ నిచ్చుట వంటిది. ఈ మాట నేననగా అక్కగారు కోపింపక, "అట్లయిన నిజమైన వరహాయే కొందము, తండ్రికి రాగి యిత్తునా?" అనిరి.

వరహా అనగా వరాహ ముద్ర గలది. వరాహము చాళుక్యుల లాంఛనము. రాజమహేంద్రవరమున కొలువు తీర్చి నన్నయభట్టునాదరించిన రాజరాజనరేంద్రుని బంగారు నాణెములు పలుచని పెద్దరేకులు. నడుమ వరాహము, చుట్టును అక్షరముల ముద్రలు. అవి మన గోదావరి తీరముననే కాక, సముద్రమునకావల అరకాను తీరమునకు చేరువనున్న చెదూబా దీవిలోను దొరికినవి. మన రేవులనుండి అచ్చటికి జరిగిన వర్తకమునకు అంతకంటె సాక్ష్యమేమి కావలెను? విజయనగర రాజులనాటికి వరాహపు బొమ్మ పోయి పేరు మాత్రము నిలిచినది. మొదటి హరిహరరాయలు హనుమంతుని వేయించెను. దేవరాయల నాణెములపై ఉమామహేశ్వరులు, అచ్యుతరాయల నాణెములపై గండభేరుండము, వేంకటపతిరాయల నాణెములపై శ్రీ వేంకటేశ్వరస్వామి. వరహా తూకము సుమారు 3.4 గ్రాములు, చింతగింజ యంత యుండును. అంతచోటున శివపార్వతులను గూర్చుండబెట్టిన అచ్చుపనివాని చేతిని మెచ్చవలెను.

అయినను నేను వలదంటిని. కారణములు మూడు. బంగారు నాణెములలో నకిలీలు మెండు. గీటురాయి బంగారమును చెప్పునే గాని కాలమును చెప్పదు. నేటి కంసాలి నిజమైన బంగారముతోనే పాతవరహా నచ్చుపోయగలడు. ఇక బంగారము వచ్చిన నాటినుండి దానికి కావలి కాయవలెను. "నాణెము చూచుకొని సంతసింపవలెనా, తాళము చూచుకొని సంతసింపవలెనా?" అని నాన్నగారే యొకప్పుడనిరి. మూడవది చెప్పుటకు నాకు నోరాడలేదు గాని అక్కగారే గ్రహించిరి. వెండిరూపాయలు మూసలోనికి పోయిన యింట బంగారు వరహా ఎన్నితరములు నిలుచును? 1818లో చెన్నపురి రాజధానిలో వెండిరూపాయి ప్రమాణమై, 100 వరహాలకు 350 రూపాయలని మార్పు కట్టిన పిమ్మట, వరహాలు కాసులపేరులై, వడ్డాణములై కరగిపోయినవి. ఈనాడు అవి అరుదగుటకు అదియొక కారణము.

ఈ నడుమ మాకు మరియొక అనుభవము కలిగినది. సమీపపు పట్టణమున నొకడు "కంపెనీవారి నాటి మహిమగల నాణెము" అని చూపెను. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు; రెండవవైపు ఆంగ్లాక్షరములలో ఈస్టిండియా కంపెనీ పేరును, ఒక అణా అనియు, 1818 అనియు ఉన్నది. బియ్యపుగింజలను అది తనవైపు లాగుకొనుననియు, లక్షల ధర పలుకుననియు చెప్పెను. శ్రోతలారా, ఇట్టి నాణెమును కంపెనీవారెన్నడును వేయింపలేదు. 1616, 1717, 1818 అను సంవత్సరములతో ఇట్టి బిళ్ళలు దేశమంతట అమ్మబడుచున్నవి. కొంచెము ఆలోచించినచో మోసము బయటపడును. 1616లో కంపెనీవారు మన రేవులలో సరకు దించుకొనుటకు అనుమతులు వేడుకొనుచున్న వర్తకులు. వారికి ఈ దేశమున అణా నాణెము వేయు అధికారమెక్కడిది? దేశమంతటికి ఒక్క తీరు రూపాయి, దానికి దిగువ అణా భాగముల నాణెములు 1835 నాటి చట్టము తరువాత వచ్చినవి. బొమ్మ రాముడిది గదా యని భక్తితో కొన్నచో కొనుడు. ఇత్తడి ధర యీయుడు. బియ్యము లాగునని చెప్పినచో, ఆ మనుష్యుని రక్షకభటులకు అప్పగింపుడు. తెలుగునాట ఈ బియ్యపు మోసమున పొలములమ్ముకొన్న కుటుంబములు కలవు.

తమ్ముడు ఆంగ్లదేశమునుండి వేరొక యాలోచన వ్రాసెను. నిజమునకు అది మంచి యాలోచన. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అను కంపెనీవారి ఓడ చెన్నపురికి బయలుదేరి, పెనుగాలిలో చిక్కి, కెంటు తీరమునకు చేరువనున్న గుడ్విన్ ఇసుకతిప్పలపై పడి నాశనమైనది. అందు పీపాలకొలది రాగికాసులుండెను. అవి 1808వ సంవత్సరపు ముద్ర గల 10 కాసుల, 20 కాసుల నాణెములు. ఒకవైపు కంపెనీవారి సింహముల చిహ్నము, రెండవవైపు పారసీకాక్షరములు. 1980 దాటిన పిమ్మట అవి సముద్రగర్భమునుండి లక్షలకొలది వెలికి తీయబడినవి. అందుచే నేడు వాని వెల మిక్కిలి తక్కువ. కొన్ని నిన్న అచ్చువేసినట్లు మెఱయుచున్నవట. "మన చెన్నపురికి రావలసి, 200 ఏండ్లకు పైగా ఆలస్యమైన నాణెమును నాన్నగారికి చేర్చెదను" అని తమ్ముడు వ్రాసెను. వాని తెలివికి మెచ్చుకొంటిని.

ఇచ్చట ఒక్కమాట. ఆంగ్లములో రొక్కమునకు క్యాష్ అందురు గదా. ఆ మాటయు, మన కాసునుండి పుట్టిన నాణెపు పేరును, వ్రాతలో ఒకటే. కాని రొక్కమనెడి క్యాష్ పెట్టెయని యర్థముగల ఐరోపా మాటనుండి వచ్చినది. నాణెమనెడి క్యాష్ మన కాసునుండి పోయినది. రెండును దారిలో కలిసికొన్న బాటసారులవంటివి; చుట్టములు కావు.

తమ్ముని నాణెము కథకు బాగున్నది. అయినను నాకు సంపూర్ణముగా తృప్తి కలుగలేదు. అది ఏ రైతు మొలలోను ఉండలేదు. ఏ సంతలోను చేయి మారలేదు. మనకొఱకు పుట్టినదే గాని మనలో బ్రతుకలేదు. నాన్నగారు ఏ నాణెము చేత పట్టినను మొదట దాని అరుగుదలను చూతురు. ఎంత అరిగినదో అంత తిరిగినదని వారి లెక్క. మెఱపు మెఱయు కాసు వారి కేమి చెప్పును?

అప్పుడు ఖాళీపుట జ్ఞాపకమునకు వచ్చి, డబ్బును వెదకుటకు పూనుకొంటిని.

చరిత్ర యిట్టిది. 1759లో కల్నల్ ఫోర్డు మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానావలనను, మరుసటి సంవత్సరము నైజాముతో జరిగిన సంధివలనను ఉత్తర సర్కారులు కంపెనీవారి వశమైనవి; గుంటూరు మాత్రము 1788లో చేరినది. సుంకము, శిస్తు తామే వసూలు చేయవలసిన వారికి చిల్లర నాణెముల చిక్కు తగిలినది. మచిలీపట్టణపు టంకశాలలో పనివాండ్రు రాగితునకలను సమ్మెటతో కొట్టి ముద్ర వేయుచుండిరి. ఆ నాణెములు ఒకదానివలె నొకటి యుండవు. ముద్ర సగము పడును, సగము జాఱును. తూకము తేడా రాగా షరాబులు వట్టము పేర కొంత కోసికొందురు. ఆ కోత పడునది రూపాయలవాని మీద కాదు; రాగిలో కూలి పుచ్చుకొను కూలివాని మీద.

అదే కాలమున ఆంగ్లదేశమున బర్మింగ్‌హాము నగరమునకు చేరువ సోహో అనుచోట మాథ్యూ బౌల్టను అను కర్మాగారాధిపతి, జేమ్సు వాటు ఆవిరియంత్రమును టంకశాలకు కట్టి, గుండ్రముగా, సమమైన తూకముతో నాణెములు వేయు నేర్పు సాధించెను. కంపెనీవారు ఉత్తర సర్కారుల కొఱకు ఆయనచేత రాగినాణెములు వేయించిరి. 1794లో కొన్ని, 1797లో కొన్ని. ఒకవైపు కంపెనీవారి కవచచిహ్నము, ఆంగ్లరాజు యొక్కయు పార్లమెంటు యొక్కయు ప్రాపున అను నర్థము గల లాటిను వాక్యము. రెండవవైపు కంపెనీవారు సరకుమూటలపై వేయు హృదయాకారపు గుర్తు, సంవత్సరము, "రూపాయికి 48" అను నాంగ్లపు మాటలు. ఇదియే సర్కారుల డబ్బు. దానిలో సగము "రూపాయికి 96" అను ముద్ర గలది. ఆవిరియంత్రము మన కండ్లబడుటకు ఎన్నియో యేండ్లకు ముందే, దాని చేతిపని గుడ్‌హోప్ అగ్రము చుట్టి వచ్చి మన సంతలలో దొరలినది. కూరగాయలమ్ము ముసలమ్మకు అది తెలియదు గదా!

ఒక్కలోటు. తెలుగువారి కొఱకు చేసిన ఆ డబ్బుపై తెలుగక్షరమొక్కటియు లేదు. లాటిను కలదు, ఆంగ్లము కలదు. కొనువారికి, అమ్మువారికి రెండును రావు. పదియేండ్లు గడచిన పిమ్మట చెన్నపురి టంకశాలలో వేసిన వెండి నాణెములపై గాని ఈ లోటు తీరలేదు. వానిపై గోపురము, నిలిచిన స్వామి. పారసీకము, ఆంగ్లము, అరవములతోపాటు తెలుగు. అయిదు రూకల, రెండు రూకల నాణెములను గూడ అట్లే తెలుగు వ్రాతతో వేసిరి. రెండు రూకల నాణెమొకటి నాన్నగారి పెట్టెలో కలదు. తెలుగక్షరములున్నవని దానిని పట్టుగుడ్డలో చుట్టి యుంచిరి.

హైదరాబాదులో జరిగిన ఒక నాణెముల ప్రదర్శనమున, అనుమతిపత్రము గల వర్తకునియొద్ద, 1797వ సంవత్సరపు డబ్బు నాకు దొరికినది. అనుమతిపత్రము మాట ఊరక చెప్పలేదు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు. వాని వ్యాపారము చేయుటకు అనుమతి కావలెను; వానిని విదేశములకు కొనిపోరాదు. బిడ్డలు పరదేశములందున్న తల్లిదండ్రులు ముఖ్యముగా ఇది యెరుగవలెను. మనుమడు ముచ్చటపడెనని పాతనాణెమును వాని సంచిలో వేసి పంపినచో, విమానాశ్రయమున వాడు చిక్కుపడును.

ఆ డబ్బు చూడ గొప్పగా లేదు. సింహము ముఖము అరిగి నున్ననైనది. 7 అంకె సగము కనబడుచున్నది. ఒకయంచున కత్తిగాటు కలదు. రాగి నిజమైనదా కాదా యని ఏ షరాబో చూచినట్లున్నది. వర్ణము పండిన కుంకుడుకాయ వర్ణము. వెల చెప్పగా అక్కగారు, "ఇంతేనా?" యని రెండుమార్లడిగిరి.

ఇంటికి తెచ్చిన దినముననే దానికొక గండము దాటినది. మా అమ్మగారు దానిని చూచి, "ఎనుబదేండ్ల పండుగకు ఈ కిలుము పట్టిన బిళ్ళనా యిచ్చుట?" అని చింతపండు తెచ్చిరి. రాగిచెంబునకు చింతపండు ఎంత మేలో, రాగినాణెమునకు అంత కీడు. ఏండ్ల తరబడి గాలికిని, చేతి చెమటకును రాగిపై నేర్పడిన పొర దానికి చర్మమువంటిది. పులుసు దానిని తినివేయును. పీచు గీతలు పెట్టును. ఆ మెఱుగు పదిదినములుండును, పోయిన అక్షరములు తిరిగి రావు. విభూతి, ఇటుకపొడి, నిమ్మకాయ, దుకాణపు తోముడుపొడులు అన్నియు నిట్టివే. పాతనాణెమును తోమిన నాడే దాని వెల సగము పోవునని వర్తకులే చెప్పుదురు. మట్టి యంటియున్నచో మంచినీటిలో నానవేసి, ఒత్తి తుడువక మెత్తని గుడ్డపై నారబెట్టిన చాలును. అంచులు పట్టుకొని చూడవలెను. జిగురుగా మెత్తగానుండు ప్లాస్టిక్ సంచులలో దాచినచో కొన్నియేండ్లకు పచ్చని జిడ్డు పుట్టి రాగిని తినును. కాగితపు సంచులు మేలు. అమ్మగారు చింతపండును పప్పులో వేసిరి.

పండుగనాడు నాన్నగారు ఆ నాణెమును భూతద్దముతో చాలసేపు చూచిరి. పేరు మేము చెప్పలేదు. అంచున గాటు చూచిరి, రెండువైపుల త్రిప్పిరి, వ్రాత నొక్కొక్క అక్షరము కూడబలుకుకొని "రూపాయికి 48" అని పైకి చదివి ఆగిరి. పిమ్మట లోనికి పోయి కరణీకపు లెక్కల కట్ట తెచ్చి, నూనె లెక్కయున్న పుట తీసి, దానిపై ఆ డబ్బునుంచిరి. మాతో నొక్కమాటయు ననలేదు. అక్కగారు కన్నులు తుడుచుకొనిరి.

ఆ సాయంకాలము వారడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఏ యూరిలో దొరికినదిరా?" అని. నేను వర్తకునడుగగా అతడు చెప్పలేకపోయెను. పాతసరకు కుప్పగా కొన్నానని మాత్రమనెను. ఈ ప్రశ్న చిన్నది కాదు. కరీంనగరము జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరి యొడ్డున కోటిలింగాల యను గ్రామము కలదు. అచ్చట స్థానికులు ఏరి దాచిన నాణెములు డాక్టరు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితుల కంటబడినవి. అందు శాతవాహన వంశమునకు మూలపురుషుడైన సిముకుని పేర నాణెములుండెను. అంతకు పూర్వులైన గోబద, నారన, సమగోపుల పేర్లును ఉండెను. శాతవాహనుల తొలిచరిత్ర తెలంగాణమునకు సంబంధించినదను వాదమునకు దీనివలన గొప్ప బలము చేకూరినది. ఆ నాణెములే ఊరుపేరు లేక ఏ పట్టణపు దుకాణములోనో దొరికియుండినచో, అవి సీసపు తునకలు, పోటీను తునకలు మాత్రమే. నాసిక ప్రాంతమున జోగల్‌తెంబిలో 1906లో దొరికిన కుండయు నిట్టిదే. అందు 13,000కు పైగా వెండి నాణెములు, నహపానుడను క్షాత్రపునివి. వానిలో 9,000కు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండగుర్తును తిరిగి ముద్రించియుండెను. శత్రువు ముఖముపై తన ముద్ర గొట్టిన రాజు విజయమును, కుండ చెదరక చేజిక్కినందున లెక్కతో సహా చదువగలిగితిమి.

మీలో భూమి దున్నువారు, పాడుదిబ్బల చేరువ నివసించువారు ఉందురు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము నేటికిని కలదు. 10 రూపాయలకు మించిన విలువగల నిక్షేపము నేలలో దొరికినచో కలెక్టరుగారికి తెలుపవలెను. కుండను పంచుకొని, ఒకడు కంసాలికిని, ఒకడు సంతలోను ఇచ్చినచో చట్టము తప్పుటయే కాదు, ఆ యూరి చరిత్రలో ఒక పుట కొట్టివేయబడును.

నాన్నగారు డబ్బుపుటలో సంవత్సరము వ్రాసి, టంకశాల వ్రాసి, "దొరికిన చోటు" అను పంక్తిని ఖాళీగా నుంచిరి. ఇచ్చినవారు అనుచోట మా ముగ్గురి పేర్లు వయసు వరుసను వ్రాసిరి. పుస్తకము చివర మరియొక వాక్యము చేర్చిరి. తమ తరువాత పెట్టెను పుస్తకమునుండి వేరుచేయరాదనియు, ముగ్గురికి మూడు వాటాలు వేయరాదనియు దాని భావము. మేము ముగ్గురము దానిక్రింద చేవ్రాళ్ళు చేసితిమి.

మరునాడు అక్కగారు తన వెండిపళ్ళెమును తెచ్చి నాన్నగారి యెదుట నుంచి, "ఆ 24 పుటలు ఇందున్నవి, ఇదియు మీ పెట్టెలోనిదే" అనిరి. కంపెనీవారి రూపాయియు, రాణిరూపాయియు తూకమునకు సరిగా తులము. కావున 24 రూపాయలకు 24 తులములుండవలెను. నాన్నగారు ఊరి షరాబును పిలిపించి తూపించిరి. 22 తులముల పైచిల్లర వచ్చినది. వారు ఎఱ్ఱసిరా తీసి, కొట్టివేసిన మొదటిపుట అంచున పళ్ళెము తూకము వ్రాసి, దానిక్రింద "తరుగు, కంసాలికి" అని వ్రాసికొనిరి.